గడప లేని తలుపు

సులోచన కోపమొస్తే అరిచే మనిషి కాదు. ఉల్లిపాయలు కోస్తుంది. ఎంత కోపమైతే అన్ని ఉల్లిపాయలు. ఆమె కూతురు సాత్విక ఈ సంగతి కనిపెట్టి చాలాకాలమైంది. బడి నుంచి రాగానే వంటింట్లో కత్తి చప్పుడు విని, ఆ రోజు టీవీ పెట్టొచ్చో లేదో తేల్చుకుంటుంది.

2014 నవంబరులో ఒక శనివారం సులోచన ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని, బస్సు దిగి, తన వీధిలోకి తిరిగి, నడిచి నడిచి తన ఇల్లు దాటిపోయింది. దాటిపోయి, పక్కింటావిడ పూలకుండీల దగ్గర ఆగి, ఎక్కడో పొరపాటు జరిగిందని వెనక్కి చూసింది. నంబరు తనదే. మేడ మీద ఆరేసిన తువ్వాలు తనదే. తలుపు మాత్రం తనది కాదు. ముదురాకుపచ్చ రంగు పాత చెక్క తలుపు ఉండాల్సిన చోట తెల్లగా, నున్నగా, ఫ్రిజ్ తలుపులాంటిదొకటి మెరుస్తోంది. ఆ ఫ్రిజ్ తెరుచుకుని లోపల్నుంచి ఆమె భర్త మల్లికార్జున పెళ్లికొడుకులా బయటికొచ్చాడు.

“ఎట్లుంది? సర్‌ప్రైజ్!”

“మన తలుపేది?”

“ఇదే మన తలుపు. కిటికీలు గూడా చూడు, ముందరివన్నీ మార్పిచ్చినా. నువ్వు చలి చలి అంటాంటివి కదా!”

ఆమె కిటికీలు చూడలేదు. కిందికి చూసింది. కాళ్ల దగ్గర స్కేలుబద్దంత అల్యూమినియం పట్టీ ఒకటి కనపడింది.

“గడపేది?”

“గడపా?” అన్నాడు మల్లికార్జున, అలాంటిదొకటి ఉండేదని అప్పుడే గుర్తొచ్చినవాడిలా. “అది తలుపుతో పాటే పాయ. ఫిట్టర్లు వ్యానులో ఏసుకోని పాయిరి.”

ఆ రాత్రి ఇంట్లో వారానికి సరిపడా ఉల్లిపాయలు తరిగి ఉన్నాయి.

సులోచనది ప్రొద్దుటూరు. బీకాం చదివింది. పెళ్లయ్యాక ఇంగ్లండు వచ్చి, బీకాంకి ఇక్కడ ఎవరూ కుర్చీ వెయ్యకపోయేసరికి ఆసుపత్రిలో వార్డు హౌస్‌కీపరుగా చేరింది. అంటే టీ బండి తోస్తుంది, నీళ్ల జగ్గులు మారుస్తుంది, బల్లలు తుడుస్తుంది. డాక్టర్లు రౌండ్లకొచ్చి పోతారు, నర్సులు రోటా మారి పోతారు, సులోచన మాత్రం ఏ ముసలాయన టీలో చక్కెర వద్దంటూనే రెండు చెంచాలు వేయించుకుంటాడో గుర్తుపెట్టుకుని అక్కడే ఉంటుంది. ఒక దేశపు ఆసుపత్రులు నిజంగా ఎవరి చేతుల మీద నడుస్తాయో తెలుసుకోవాలంటే ఆ టీ బండి వెనకాల ఒక్క రోజు నడిస్తే చాలు. మల్లికార్జున లీసెస్టర్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తాడు. పగలంతా ఇతరుల తప్పులు వెతికే ఉద్యోగం కావడంతో, ఇంటికొచ్చాక సొంతవి వెతికే ఓపిక ఉండదు.

వాళ్లు ఇల్లు కొన్నది లీసెస్టర్‌కు బస్సు దూరంలో ఉన్న ఓ చిన్న ఊళ్లో. ఊరి పేరు అక్కర్లేదు, అక్కడి కౌన్సిల్‌వాళ్లు, అంటే మన మునిసిపాలిటీవాళ్ల లాంటివాళ్లు, నొచ్చుకుంటారు. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఎర్ర ఇటుకల ఇళ్లు. విక్టోరియా రాణి కాలంలో మేజోళ్ల మిల్లు పనివాళ్ల కోసం కట్టినవి. ఆ పనివాళ్లు గదికొక కుటుంబం చొప్పున ఇరుక్కుని, దగ్గి దగ్గి చచ్చిపోతున్నప్పుడు వాళ్లను కాపాడాలని ఎవరికీ తోచలేదు. నూరేళ్లు గడిచాక వాళ్ల తలుపులను కాపాడాలని అందరికీ తోచింది. ఆ వీధిని కన్సర్వేషన్ ఏరియా అన్నారు. వీధి వైపు కనిపించే తలుపైనా కిటికీ అయినా మార్చాలంటే ముందు కౌన్సిల్ అనుమతి కావాలి. ఇల్లు కొన్నప్పుడు ఈ మాట లాయరు చెప్పాడు. మల్లికార్జున తల ఊపాడు. లాయరు చెప్పిన ప్రతిదానికీ ఊపినట్టే ఊపాడు.

ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఏజెంటు కుర్రాడు పైకప్పు నగిషీలూ, నిప్పుగూడూ చూపిస్తుంటే సులోచన గుమ్మం దాటి లోపలికే రాలేదు. తలుపు కింద అడ్డంగా అరిగిపోయిన ఓక్ చెక్క దూలం ఒకటి ఉంది. నూరేళ్ల కాళ్లు తొక్కీ తొక్కీ నడిమధ్య పల్లమై, పెరుగు గరిటెలా తయారైంది. ఈ దేశంలో తను అద్దెకున్న ఏ ఫ్లాటుకూ గడపన్నదే లేదు. “ఈ ఇల్లు తీసుకుందాం” అంది. బెడ్‌రూములెన్నో అప్పటికింకా చూడనేలేదు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం తలస్నానం చేసి ఆ గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అటూ ఇటూ బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసి డ్యూటీకి వెళ్లేది. పోస్టుమ్యాన్ మొదట్లో భయపడి గేటు దగ్గరే ఆగేవాడు, తర్వాత్తర్వాత దాన్ని జాగ్రత్తగా దాటడం నేర్చుకున్నాడు.

చలి మాట అబద్ధం కాదు. చలికాలం వస్తే పాత కిటికీలు పళ్లు కొరికినట్టు చప్పుడు చేసేవి. పొద్దున్నే అద్దాలకు లోపలి వైపు నీళ్లు కారేవి. సాత్విక దుప్పటి కప్పుకుని హోంవర్కు చేసేది. కిటికీలు బాగుచేయించాలని సులోచనే పోరింది. కాకపోతే బాగుచేయించడానికీ పీకి పారేయడానికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆయనే గోపాల్‌రావు.

గోపాల్‌రావుది భీమవరం. తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఇంగ్లండు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు మొదలుకుని పిల్లల పేర్ల దాకా అన్నిటి మీదా సలహా ఇస్తాడు. ఇదే వీధి చివర మూల ఇల్లు ఆయనదే. అందులో కాపురం ఉండడు, స్టూడెంట్లకు గదులు అద్దెకిస్తాడు. మల్లికార్జునకు ప్లాస్టిక్ తలుపులవాణ్ని కుదిర్చిందీ, “అనుమతులేవీ అక్కర్లేదండీ బాబూ, మా ఇంటికి ఎప్పుడో పెట్టించేశాం, ఎవడడిగాడు?” అని ధైర్యం చెప్పిందీ ఆయనే.

కొత్త తలుపు వచ్చిన తొలి శుక్రవారం సులోచన స్నానం చేసి పసుపు గిన్నెతో బయటికొచ్చింది. అల్యూమినియానికి పసుపు పూసింది. పసుపు నిలబడనంది. మళ్లీ పూసింది. ఈలోగా సన్నగా వాన పట్టుకుంది. పసుపంతా జారి, తెల్ల ప్లాస్టిక్ తలుపు అంచుకు అంటుకుని కూర్చుంది. లోహం మీద నిలవని పసుపు ప్లాస్టిక్‌ని మాత్రం వదలనంది. డిష్ లిక్విడ్ పెట్టి తోమింది, నిమ్మకాయ పెట్టి తోమింది. తోమేకొద్దీ మరక పక్కకు పాకింది.

మల్లికార్జున లాప్‌టాప్ బ్యాగుతో బయటికొచ్చి కెవ్వుమన్నాడు. “అయ్యో, కొత్త తలుపు! అన్నం తిన్నాక మూతి కడుక్కోని పిల్లోడి మాదిరి ఉందే!”

“దానికి పసుపు పడదంట. ఇంగ నేనేం చేయల్ల?”

“ఒక్క శుక్రవారం మానుకుంటే ఏమైతాది?”

సాత్విక మెట్ల మీంచి తొంగిచూసింది. “మమ్, ఇట్స్ జస్ట్ ఎ డోర్.”

“డోర్ అని నేను గూడా ఒప్పుకుంటా పాపా,” అంది సులోచన. “తలుపని మాత్రం ఒప్పుకోను.”

క్రిస్మస్ దాటిన తర్వాత కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. అనుమతి లేకుండా తలుపూ కిటికీలూ మార్చారు, మళ్లీ చెక్కవి పెట్టండి, లేదంటే ఇప్పుడైనా అనుమతికి దరఖాస్తు చేసుకోండి అని సారాంశం. మల్లికార్జున ముఖం వాడిపోయింది. సులోచన ఆ రోజు పాయసం చేసింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

ఆదివారం గోపాల్‌రావు వచ్చి సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“చూడు మల్లికార్జునా, ఇది తలుపు గొడవ కాదు. మన జాతి గొడవ. మన వాళ్లంటే లోకువ వీళ్లకి. నువ్వు దరఖాస్తు పెట్టు, మిగతాది నేను చూసుకుంటా. దాన్ని తేల్చే కౌన్సిల్ కమిటీలో నీ తరపున నేనే మాట్లాడతా. వాస్తు ప్రకారం, మా మతాచారం ప్రకారం ఈ తలుపు తప్పనిసరని రాసేద్దాం. మతం మాటెత్తితే వీళ్లు నోరెత్తరు. ఆయ్. చెల్లెమ్మా, కాఫీ అదిరిందమ్మా!”

సులోచన ఖాళీ కప్పు అందుకోలేదు. “అన్నయ్యా, మా వార్డులో ఒక పేషెంటు కొడుకు నన్ను చూసి ‘మీ దేశం పో’ అని గిన్నె విసిరేసినాడే. అప్పుడు మీ దగ్గరికొచ్చి సంఘం తరపున ఒక మాట రాయమంటి. మీరేమంటిరి?”

“అది... పాత సంగతి కదమ్మా.”

“‘సర్దుకోవాలమ్మా, పరాయి దేశం’ అంటిరి. నా మీద గిన్నె పడితే సర్దుకోవల్ల, మీ ప్లాస్టిక్ మీద చెయ్యి పడితే జాతి గొడవా?”

“సులోచనా, గమ్మునుండు,” అన్నాడు మల్లికార్జున.

“ఉంటాలే. ఇంకో మాట. వాస్తు ప్లాస్టిక్ పెట్టమనిందని రాస్తే అబద్ధం. అది రాయగాకండి.”

రాశారు. ఆ ఇల్లు ఇద్దరి పేర్ల మీదా ఉంది, అప్పు ఇద్దరి జీతాల్లోంచీ కడుతున్నారు. తలుపు తీసేటప్పుడు ఆమెను అడగలేదు, దరఖాస్తు పెట్టేటప్పుడూ అడగలేదు. ఇలాంటి ఇళ్లు ప్రొద్దుటూరులోనూ ఉన్నాయి, ఇంగ్లండులోనూ ఉన్నాయి. ఇంటికి గృహలక్ష్మి అని పేరు మటుకు ఆమెకు పెట్టి, తాళంచెవి మార్చిన కబురు మాత్రం చివర్న చెబుతారు.

మర్నాడు బస్టాపులో మూల ఇంట్లో అద్దెకుంటున్న పూజిత కనపడింది. వరంగల్ పిల్ల, మాస్టర్స్ చదువుతోంది. ముక్కు ఎర్రగా ఉంది.

“ఏం పాపా, జలుబా?”

“జలుబు కాదాంటీ, ఇల్లు. మా ఇంట్ల కిటికీలు ప్లాస్టిక్‌వే గని సగం మూతవడయ్. గోడలకు నల్లగ బూజు వట్టింది. గోపాల్‌రావు అంకుల్‌కు చెప్తే స్వెటర్ ఏసుకోమంటడు.”

“బాగుచేపిస్తానన్లేదా?”

“మీ తలుపు కేసు గెలిస్తె చూస్తనన్నడు. మీది ఒప్పుకుంటే ఆయనదాన్ని గూడ ఎవ్వరడగరట. మీరు జెల్ది గెలువున్రి ఆంటీ!”

బస్సు వచ్చింది. సులోచన ఎక్కింది గానీ ఆమె బుర్ర మాత్రం బస్టాపులోనే నిలబడిపోయింది. అయితే ఇన్నాళ్లుగా గోపాల్‌రావు ఊదుతున్న శంఖం జాతి కోసం కాదు, మూల ఇంటి కోసం. తన గడప పోయింది, తన దేవుడి పేరు వాడుకున్నారు, ఇది గెలిస్తే ఆయన్నింక అడిగేవాడుండడు, ఈ పిల్లలు అలాగే వణుకుతూ ఉంటారు. గెలిస్తే రెండిళ్లలో ఉండేవాళ్లూ నష్టపోయే కేసు ఇది.

టీ విరామంలో ఆమె కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. అవతల ఒక ఆడపిల్ల పలికింది. కమిటీలో అభ్యంతరం చెప్పాలంటే ఏం చేయాలని అడిగింది సులోచన. పేరివ్వండి చాలు, మూడు నిమిషాలు మాట్లాడొచ్చు అంది ఆ పిల్ల. పేరిచ్చింది. అడ్రసిచ్చింది.

“మేడమ్, మీరు అభ్యంతరం చెబుతున్న ఇంటి అడ్రసు కాదండీ, మీరుండే ఇంటి అడ్రసు కావాలి.”

“రెండూ ఒకటే.”

“మీ ఇంటి మీద మీరే అభ్యంతరం చెబుతారా?”

“ఇల్లు నాదే తల్లీ. తలుపే నాది కాదు.”

కమిటీ సమావేశం రోజు మల్లికార్జున ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోపాల్‌రావు సూటేసుకుని శాలువా కప్పుకున్నాడు, మతాచారానికి ఉంటుందని. సులోచన డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, యూనిఫాం మీదే కోటు. తమకు తోడుగా వచ్చిందనుకుని మల్లికార్జున పక్క కుర్చీ చూపించి, బిస్కెట్ పాకెట్ అందించాడు. పాపం, మనిషి మంచివాడే. ఆమె ఒక బిస్కెట్ తీసుకుని, పాకెట్ ఒళ్లో పెట్టుకుంది.

గుర్రపునాడా ఆకారంలో బల్లలు, వాటి వెనక సభ్యులు. అధ్యక్షస్థానంలో వెండి జుట్టు పెద్దావిడ. ఆవిడ కాగితం చూసి, “ముందుగా అభ్యంతరం చెప్పేవారు, మిసెస్ సులోచన” అని పిలిచింది.

“ఈళ్లు పొరపాటున మన పేరు పిలుస్తాండారు,” అని గుసగుసలాడాడు మల్లికార్జున. “మన వంతు తర్వాత. కూర్చో.”

“పొరపాటు కాదు,” అని లేచింది ఆమె. “బిస్కెట్లు పట్టుకో.”

మైకు ముందుకెళ్లి నిలబడింది. ఆమె ఇంగ్లీషులో ప్రొద్దుటూరు ఎండ ఉంటుంది. ఆ రోజు ఆ ఎండనే నమ్ముకుంది.

“నేను పనికి పోయినప్పుడు నా తలుపు తీసేసినారు. నేను అప్పుడు మీ ఊరివాళ్లకే టీ ఇస్తాండా. మీలో ఎవరికైనా ఇచ్చినానేమో గూడా.” ఒక సభ్యుడు గుర్తుపట్టి చెయ్యెత్తాడు. ఆయన ఆమధ్య తుంటి ఆపరేషన్ చేయించుకుని ఆమె వార్డులోనే ఉన్నాడు. “ఈ దరఖాస్తులో మా మతం ప్లాస్టిక్ తలుపు పెట్టమనిందని రాసినారు. మా మతం చానా పాతది సార్. ప్లాస్టిక్ నిన్న మొన్న వచ్చె.”

నవ్వులు లేచాయి. గోపాల్‌రావు శాలువా సర్దుకున్నాడు.

“మాకు తలుపు కంటే గడప ముఖ్యం. లక్ష్మీదేవి దాని మీంచి లోపలికొస్తాది. దానికి పసుపు రాస్తాం, దాన్ని తొక్కం, దాని మీద కూర్చోం. మీ తాతలు అరగదీసిన గడపకు నేను పసుపు రాస్తాంటి. మీకు మీ పాతది కావల్ల, నాకు నా గడప కావల్ల. మన ఇద్దరికీ కావాల్సింది ఒకటే, మధ్యలో ఈ తెల్లది అడ్డమొచ్చింది. చెక్క కిటికీల్లోనూ రెండద్దాలు పెట్టొచ్చంట, చలి ఆగుతాదంట, అడిగినా. అవి పెట్టుకుంటాం.”

అధ్యక్షురాలు గడియారం వైపు చూసింది. సులోచన తొందరపడింది.

“ఒక్క మాట. రూలు మా ఇంటికొక్కదానికే కాదు. మూల ఇంటికీ అదే రూలు. దాని కిటికీలు మీరు ఇన్నాళ్లూ చూడలేదు. లోపల పిల్లోళ్లు బూజులో పండుకుంటాండారు. అది గూడా చూడలేదు. చెక్కను కాపాడండి, సంతోషం. చెక్క వెనకాల మనుషులు గూడా ఉంటారు, వాళ్లను గూడా కాపాడండి. అంతే. థాంక్యూ.”

తుంటి ఆపరేషన్ సభ్యుడు బల్ల చరిచాడు. తర్వాత దరఖాస్తుదారు తరపున గోపాల్‌రావు లేచాడు. చేతిలో కాగితం ఉంది. మొదటి వాక్యం మతం గురించి, రెండోది జాతి గురించి. రెండూ చదవలేక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ మూల ఇల్లు ఎవరిదో మీకేమైనా తెలుసా?” అని అడిగింది అధ్యక్షురాలు మర్యాదగా.

“అది... వేరే విషయమండీ,” అన్నాడు గోపాల్‌రావు, కంగారులో తెలుగులోనే.

దరఖాస్తు తోసేశారు. మూల ఇంటికి మనిషిని పంపమని అధికారికి చెప్పారు.

తిరుగు దారిలో కారు మల్లికార్జునే నడిపాడు. రౌండెబౌట్ దగ్గర అవసరం లేకపోయినా రెండు చుట్లు తిరిగాడు.

“నా మీద కౌన్సిల్‌కి పోతివే,” అన్నాడు చివరికి.

“నీ మీద కాదు, తలుపు మీద.”

“ఇంట్లో చెప్పకూడదా?”

“చెప్పినా కదయ్యా. ఉల్లిగడ్డలు కోసి చెప్పినా, పసుపు పూసి చెప్పినా, నోటితో చెప్పినా. మైకులో చెప్తే ఇనపడింది నీకు.”

ఆయన మరో చుట్టు తిరిగాడు. “అడిగుండాల్సింది,” అన్నాడు గొణుగుతూ. “తప్పే. అయితే పాయసం అందుకే చేసినావా ఆ రోజు?”

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వింది.

మూల ఇంటి సంగతి అంత తొందరగా తెమల్లేదు. అధికారి వచ్చాడు, చూశాడు, గోపాల్‌రావు మూడు నెలలు గడువడిగాడు, మళ్లీ అడిగాడు. పూజితా, ఆమెతో ఉండే పిల్లలూ బూజు ఫోటోలు తీసి వారం వారం కౌన్సిల్‌కు పంపుతూ కూర్చున్నారు. సులోచన వాళ్లకు చెప్పింది ఒకటే: “మీకు వినబడేదాకా కాదు పాపా, వాళ్లకు వినబడేదాకా చెప్పండి.” ఎండాకాలం చివరకు గోపాల్‌రావు ఆ గోడలు గోకించి, కిటికీలు మార్చాడు. మరుసటేడు సంఘం ఉగాది సభలో ఆయన సులోచనను చెల్లెమ్మా అనడం మానేసి మేడమ్ అన్నాడు. ఆమెకు అదే బాగుందనిపించింది.

సులోచన ఇంటికి మాత్రం ఏప్రిల్‌లోనే కొత్త చెక్క తలుపు వచ్చింది. పాతది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. దాని కొలతలకే ఇంకోటి చేయించారు, కింద మందపాటి ఓక్ గడపతో సహా. బిగించడానికి వచ్చిన కాలిన్ అనే వడ్రంగి పొద్దుట్నుంచీ పనిచేసి అలసిపోయాడు. సులోచన టీ తెచ్చిచ్చి లోపలికి తిరిగేసరికి, ఆయన కప్పు పట్టుకుని, హాయిగా నిట్టూర్చి, తన చేతులతో తనే బిగించిన గడప మీద చతికిలబడబోయాడు.

“అయ్యయ్యో, లే! లే!”

కాలిన్ తేలు కుట్టినట్టు లేచాడు. టీ సగం బూట్ల మీద పడింది. ఏం తప్పు చేశాడో తెలియక మేకు ఏమైనా పైకి తేలిందా అని గడపంతా తడిమి చూశాడు. మల్లికార్జున పరుగున వచ్చాడు. కిందటేడు దాని ఉనికే మరచిపోయిన ఆ మనిషి, ఇప్పుడు వడ్రంగి భుజం మీద చెయ్యేసి, గడప మీద ఎందుకు కూర్చోకూడదో, దాని మీద నిలబడి ఎందుకు తుమ్మకూడదో, దానికటూ ఇటూ ఉండి డబ్బు ఎందుకు ఇచ్చిపుచ్చుకోకూడదో ఇంగ్లీషులో విడమర్చి చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ లక్ష్మీదేవి దాకా వెళ్లాడు. కాలిన్ గడపకు ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టి, దాన్ని తాకకుండా, చల్లారిపోతున్న టీ తాగుతూ బుద్ధిగా విన్నాడు.

“ఏమయ్యా,” అంది సులోచన లోపల్నుంచి, “పురాణం తర్వాత చెప్పు. ముందు ఆయప్పకు కుర్చీ తెచ్చెయ్యి.”